రాహుకాలంలో చల్లబడ్డ ఇంజను

వెచ్చగా ఉంది. ఎండకు వచ్చిన వెచ్చదనం కాదు ఇది. ఎండ ఇంకా నవాబుగారి దేవిడీ గోడ దిగి లోపలికి రాలేదు, బండి నీడలోనే ఉంది, అయినా బానెట్ మీద పెట్టిన నా అరచేతికి లోపలి నుంచి వేడి తగులుతోంది. జ్వరం వచ్చిన పిల్లవాడి పొట్ట మీద చెయ్యి వేస్తే తెలిసే వేడి. అంటే మేము గేటు దాటి రాకముందే ఎవరో దీన్ని లేపారు, నడిపారు, పొద్దుటి దగ్గులన్నీ దగ్గించేశారు, ఆపైన తుడిచి మెరుగు పెట్టి, ఏమీ ఎరగనట్టు నీడన నిలబెట్టారు. ఆకుపచ్చ రంగు, పొడుగాటి ముక్కు, దాని మీదుగా తోలు పట్టీ, వీపున మోస్తున్నట్టు వెనకాల ఒక చక్రం, రెండే రెండు సీట్లు. చిన్న నవాబుగారి రేసు బండి. అమ్మకం చూస్తున్న దారోగా సాహెబు నవ్వు కూడా బండిలాగే తుడిచి పెట్టినట్టుంది. వేడి మీద ఉన్న ఇంజను ఏదైనా మంచిదిగానే కనబడుతుందని నాకు చెప్పింది బానూ. ఆస్పత్రిలో నాతో పనిచేసే పార్శీ డాక్టరు, సికింద్రాబాదు మైదానంలో నాకు బండి నడపడం నేర్పిన మనిషి. ముందు చెయ్యి పెట్టి చూడు, వెచ్చగా ఉంటే నోరు మూసుకుని కూర్చో, చల్లబడ్డాక లేపు, అప్పుడు దాని అసలు గొంతు వింటావు అంది. నేను చెయ్యి తీసి కొంగుకు తుడుచుకుని, చల్లబడేదాకా కూర్చుంటానన్నాను. దారోగా నవ్వు కొంచెం చెదిరింది. కుర్చీ తెప్పించాడు. కుర్చీ వద్దని బండిలోనే ఎక్కి కూర్చున్నాను, స్టీరింగు చక్రం ఉన్న వైపు.

అన్నయ్యకు చెమటలు పోస్తున్నాయి. పాపం, ఈ ముహూర్తం పెట్టింది ఆయనే. మా అన్నయ్య రామానుజం పగలంతా దఫ్తరులో పేష్కారు, పొద్దున సాయంత్రం మా వీధి గుడిలో కైంకర్యం చేసే మనిషి. బండి కొనడం ఆయనకు ఇష్టం లేదు. వద్దని చెప్పి చెప్పి, నేను విననని తెలిశాక, కొనే ఘడియ అయినా తన చేతిలో ఉంచుకోవాలనుకున్నాడు. పంచాంగం తిరగేసి శుక్రవారం పొద్దున మంచి ఘడియ వెతికి, ఆ వేళకు బండి సిద్ధంగా ఉంచమని దారోగాకు ముందే కబురు పంపాడట. వాళ్ళు సిద్ధంగా ఉంచారు. నిండా వేడి చేసి, సరిగ్గా ముహూర్తానికి. మర్యాదకు చేశారో మాయకు చేశారో నాకెందుకు, ముహూర్తం ఎంత మంచిదో ఇంజను అంత వేడిగా ఉంది. ఆ మంచి ఘడియ అయిపోగానే రాహుకాలం. ఇంజను చల్లబడేది అందులోనే. అన్నయ్య తలుపు పక్కకు వచ్చి వంగి మెల్లగా చెప్పాడు. “ప్రభా, మంచి ఘడియ పోతున్నది. ఇంకింత సేపైతే రాహుకాలమమ్మా. ఒక్కసారి తిప్పి చూసి, అవునంటె అవును, కాదంటె కాదు, పోదాం.” నేను ముందున్న అద్దంలోంచి చూస్తూనే అన్నాను. “రాహుకాలంలనే చల్లగైతది అన్నయ్యా. నాకు చల్లటి ఇంజనే కావాలె.”

ఘడియల సంగతి నాకు చెబుతాడు. నా పెళ్ళికి పెట్టిన ముహూర్తం లాంటిది ఈ లాల్‌దర్వాజాలో ఇంకెవరి పెళ్ళికీ దొరకలేదని అమ్మ చెప్పుకునేది. మంథని నుంచి వచ్చిన సిద్ధాంతిగారు, మా సిద్ధాంతిగారు, ఇద్దరూ ఒప్పుకున్న లగ్నం. నాకు గుర్తున్నవి కొబ్బరి బెల్లం, కాళ్ళకు గుచ్చుకున్న కొత్త మెట్టెలు, అన్నం పెట్టకుండా నిద్ర లేపినందుకు వచ్చిన ఏడుపు. పెళ్ళికొడుకు పక్కన కూర్చుని ఆవులించాడు, నేనూ ఆవులించాను, అందరూ నవ్వారు. ఆ తర్వాత అతన్ని మళ్ళీ చూడలేదు. వరసగా జ్వరాలు, ఒక కబురు, అమ్మ గట్టిగా ఏడవడం, నా గాజులు. మచ్చ లేని ముహూర్తం. ఇప్పుడు నా ఒంటి మీద ఉన్న తెల్లచీరను ఆస్పత్రి తెలుపు అనుకునేవాళ్ళు అలా అనుకుంటారు, విధవ తెలుపు అనుకునేవాళ్ళు అలా అనుకుంటారు, ఎవరికి కావలసింది వాళ్ళు చూసుకుంటారు, నాకు ఉతకడానికి సులువు. కాబట్టి నన్ను ఘడియలతో బెదిరించడం కుదరదు. ఈ ఇంజను కూడా మంచి ఘడియలో ఎంత చక్కగా పలికినా నేను నమ్మను. చెడ్డ ఘడియలో ఏం పలుకుతుందో అదే వింటాను.

ఈ చక్రం సన్నగా, చల్లగా, చేతికి సరిపోయేట్టుంది. పక్క సీటులో నా డాక్టరు సంచి పెట్టాను. రెండు సీట్లు. ఒకటి నాకు, ఒకటి సంచికి. నలుగురు కూర్చునే బండ్లు చాలా ఉన్నాయి, యుద్ధం పుణ్యమా అని పెట్రోలు లేక అవన్నీ గుడ్డలు కప్పుకుని పడి ఉన్నాయి, డాక్టర్లకు కూపన్లు వస్తాయి కనుక ఏది అడిగినా అమ్ముతారు. అవేవీ నాకు వద్దు. నాలుగు సీట్లుంటే వెనక సీటులో మా అన్నయ్య ఉంటాడు. అన్నయ్యకు కుదరకపోతే అన్నయ్య చెప్పిన ఇంకొకాయన. ఆస్పత్రికి తోడు, కాన్పుకు తోడు, తిరిగి రావడానికి తోడు, తోడు దొరికేదాకా గుమ్మంలో సంచితో నేను. ఈ బండి ఫోటో చూసి మా వదిన రంగనాయకి బియ్యం ఏరుతూ ఏరుతూ ఆగి, “మరి మీ అన్న యాడ కూర్చుంటడు వదినా?” అని అడిగింది. అడిగి, తనే అర్థం చేసుకుని, చాటలోకి తల వంచి నవ్వింది. ఆ ఇంట్లో ఈ బండి ఎందుకో తెలిసిన మనిషి ఆమె ఒక్కతే.

అందుకే ఇంజను. అందుకే ఈ కూర్చోవడం. రంగు పోతే రంగేస్తారు, సీటు చిరిగితే కుట్టిస్తారు, ఇంజను దారిలో చేతులెత్తేస్తే నా సంగతి అంతటితో సరి. మగవాడి బండి నడిరోడ్డు మీద ఆగితే బండి పాడైందంటారు. నాది ఆగితే నేను పాడయ్యానంటారు. చుట్టూ జనం మూగుతారు, ఎవరింటి ఆడకూతురని అడుగుతారు, గుడి రామానుజం చెల్లెలని చెబుతారు, సాయంత్రానికి ఆ మాట మా గుమ్మంలో ఉంటుంది, మర్నాటి నుంచి నేను మళ్ళీ తోడు కోసం ఎదురుచూసే మనిషిని. అన్నయ్య నన్ను తిట్టడు కూడా. చూశావా అని అనడు. అనకుండా ఒక చూపు చూస్తాడు, అది చాలు. ఒక్కసారి ఆగడానికి కూడా నాకు వీల్లేదు. జల్‌పల్లిలో మా పాలాయన పెంటయ్య భార్య సత్తెమ్మకు మళ్ళీ నెలలు నిండాయి. ఈ వారమో వచ్చే వారమో కబురు వస్తుంది. ఆ కబురు వచ్చిన రోజు ఈ బండి చాంద్రాయణగుట్ట ఎత్తు ఆగకుండా ఎక్కాలి, అంతే, ఇంకేం అక్కర్లేదు నాకు.

మళ్ళీ దిగి చెయ్యి పెట్టాను. వేడి తగ్గింది కానీ పోలేదు. గోడ అవతల గాజుల కొలిమి దగ్గర లక్క కాలుతున్న వాసన, పావురాలు, ఎక్కడో కుండ మీద కుండ పెడుతున్న చప్పుడు. దారోగా చాయ్ పంపించాడు, అన్నయ్య ముట్టుకోలేదు, నేను తాగాను. తాగుతుంటే గఫూర్ మిస్త్రీ వచ్చాడు. ఈ దేవిడీ బండ్లన్నిటికీ ఆయనే హకీం. గడ్డానికి గోరింట, చేతులకు నూనె, శుక్రవారం కనుక పైన ఉతికిన కుర్తా. పట్టీ విప్పి బానెట్ ఎత్తమన్నాను. ఎత్తాడు. నాకు ఇంజను లోపలి సంగతులు అంతగా తెలియవు, తెలిసినట్టు నటించను కూడా. నూనె పుల్ల తీసి వేళ్ళతో రాసి చూశాను, గరగరలాడలేదు. నీళ్ళ మూత తీసి చూశాను, నీటి మీద నూనె తేలడం లేదు. మిస్త్రీ పెట్రోలు గొట్టానికున్న చిన్న కుళాయి, టోంటీ, చూపించి, యుద్ధం దినాలు కదా, పెట్రోలు కారిపోకుండా బండి ఆపగానే దీన్ని బంద్ చేస్తామన్నాడు, మళ్ళీ నడిపేటప్పుడు తెరవాలన్నాడు. సరేనన్నాను. అప్పుడు కనబడ్డాయి అంకెలు. ఇంజను పక్కన చెక్కిన అంకెలు, బానెట్ లోపలి గోడకు బిగించిన ఇత్తడి రేకు మీద అంకెలు. మామూలుగా రెండూ ఒకటే ఉండాలి. ఇవి ఒకటి కావు.

 వేలు దాని మీద పెట్టి దారోగా వైపు చూశాను. ఆయన వెంటనే అందుకున్నాడు, బిల్‌కుల్ అస్లీ, విలాయతు నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉంది, అంకెలు ఎవరికి కావాలి, పాతదే గట్టిది అని. పాతది అన్న మాట మిస్త్రీకి ఎక్కడో తగిలింది. ఆ ఇంజను పాతదని తన ముందు ఎవరైనా అంటే ఆయన ఊరుకునేట్టు లేడు, అన్నది తన దారోగానే అయినా. మొహం ఎర్రబడింది. “పాతది ఏంది దారోగా సాబ్. పాతది చిన్న సర్కార్ నీళ్ళు లేకుండ ఉరికిచ్చి పలగ్గొట్టిండు కదా. డాక్టరమ్మా, ఇది బొల్లారం దొర బండిది. ఆ బండి మోరీల పడి తుక్కు తుక్కైంది గాని ఇంజన్‌కు గీత పడలె. నా చేతులతోని దించిన, నా చేతులతోని ఈ బండిల బిగించిన.” అన్నాక తెలిసింది ఆయనకు, తను ఏం చెప్పేశాడో. దారోగా కళ్ళు మూసుకున్నాడు. అన్నయ్య మొహం మాత్రం ఒక్కసారి వెలిగింది, ఇదిగో దొరికింది వంక, ఇక లేచి పోవచ్చు. “విన్నవా ప్రభా. అసలు ఇంజను కాదట. దానిది పలిగిపోతే ఇంకోదానిది తెచ్చి పెట్టిన్రట. మారు ఇంజను బండి మనకెందుకమ్మా, మన ఇంట్ల…”

అక్కడ ఆగిపోయాడు. మారు. ఆ మాట నోట్లోంచి వచ్చాక విన్నాడు తను. మా ఇంట్లో ఆ మాట అనరు. మారు పెళ్ళి, మారు మనువు, ఆ మాటలేవీ మా గుమ్మం తొక్కవు. ఒక్కసారి తొక్కింది, నాన్న నోట్లోంచి. నేను బడి పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాను, నాన్న విస్తరి ముందు కూర్చున్నాడు, వడ్డిస్తున్న అమ్మతో మెల్లగా, దీనికి మళ్ళీ ఎందుకు చెయ్యకూడదు, మారు మనువైతే తప్పేమిటి అన్నాడు. అమ్మ నెయ్యి గిన్నె కింద పెట్టి ఎంగిలి అని కూడా చూడకుండా నాన్న నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. అప్పుడు అన్నయ్య గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు, మీసాలు ఇంకా సరిగ్గా రాలేదు, ఇంత గట్టిగా ఏడ్చాడు. తనకు పిల్లనెవరిస్తారని ఏడ్చాడు. నాన్న ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. మాట ఎత్తని దానికి బదులుగానేమో నన్ను బడికి పంపాడు, కాలేజీకి పంపాడు, శవాన్ని కోయడానికి పంపాడు. అమ్మ దానికి కూడా ఏడ్చింది కానీ నోటికి చెయ్యి అడ్డం పెట్టలేదు. నాకు ఇప్పుడు మారు మనువు మీద కోరికేం లేదు. నాకు కాన్పులున్నాయి, బానూ ఉంది, సాయంత్రం పూట ఒక్కదాన్నే చదువుకునే గది ఉంది. కానీ ఆ మాట మీద మూసిన మూత ఉంది చూశారా, దాని మీద నాకు ఇప్పటికీ కోపమే.

నవ్వొచ్చింది నాకు. గట్టిగానే నవ్వాను. మిస్త్రీ బెదిరి చూశాడు. అసలు ఇంజను ఏమైంది, నీళ్ళు పోసే దిక్కు లేక పగిలింది. అసలైనదాని ఘనత అంతే. ఇది ఇంకెక్కడి నుంచో వచ్చింది, మోరీ కాలవలో పడ్డ బండిలోంచి గీత పడకుండా బయటపడింది, కొత్త ఒంట్లో కుదురుకుంది, తిరుగుతోంది. దీన్ని చూసి సిగ్గుపడాల్సింది ఎవరు. అంకెలు కలవకపోతే రేకు మార్చుకుంటాను. మోరీలో పడి బతికిన ఇంజను కన్నా పడకుండా పగిలిన ఇంజను పవిత్రమైందని నాకెవరూ చెప్పలేరు. అన్నయ్యతో ఇదంతా అనలేదు. ఒక్క మాటే అన్నాను. “మారు ఇంజనైతే ఏమైంది అన్నయ్యా. నడుస్తదా లేదా, నాకు గంతే.” ఆయన కండువా సర్దుకుని గోడ వైపు తిరిగాడు. మెడ వెనక ఎర్రగా అయింది. ఆయన మీద జాలి పడాల్సిన క్షణమే కానీ నేను పడలేదు, ఎందుకంటే సరిగ్గా ఆ మెడే నాకు జల్‌పల్లి గుర్తు తెస్తుంది.

సత్తెమ్మ కిందటి కాన్పప్పుడు ఒక పొద్దున పాలు పోసే పెంటయ్య పాల బిందె లేకుండా వచ్చాడు. జల్‌పల్లి నుంచి పరుగున వచ్చాడు, మాట రావడం లేదు, సత్తెమ్మకు రాత్రి నుంచి నొప్పులు, బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని చేతులెత్తేసింది. నేను సంచి తీసుకుని చెప్పుల్లో కాళ్ళు పెట్టాను. టాంగా దొరికేదాకా నడుద్దామన్నాను. అప్పుడే బావి దగ్గర నుంచి అన్నయ్య వచ్చాడు, తడి పంచె, మడి కట్టుకుని, తిరువారాధనకు నీళ్ళు పట్టుకుని. వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. పాలాయనతో బజారు వెంట నడిచి పోతవా, జర్ర ఆగు, ఆరాధన కానియ్యి, నేనే తీస్కపోత అన్నాడు. మా ఇంటి గుమ్మం ఇరుకు. మడిలో ఉన్న మనిషిని తాకకుండా అందులోంచి దాటడం కుదరదు. తాకితే మళ్ళీ స్నానం, మళ్ళీ తడి పంచె, మళ్ళీ మొదటి నుంచి. నేను జరుగు అన్నాను. ఆయన ఆగు అన్నాడు. నేను మళ్ళీ అన్నాను. తర్వాత లోపలి నుంచి అమ్మ కేక, పెంటయ్య అవతల అరుగు కింద చేతులు నలుపుకుంటూ, అన్నయ్య మెడ మీద నీటి చుక్కలు, ఆ చుక్కలు ఆరేదాకా గంట మోగడం, హారతి, తీర్థం. టాంగా వచ్చింది, పరదా కట్టారు, అన్నయ్య ముందు కూర్చున్నాడు. జల్‌పల్లి చెరువు గట్టు మీదికి వచ్చేసరికే ఆడవాళ్ళ ఏడుపు వినబడింది. సత్తెమ్మను దక్కించాను. బిడ్డ మగబిడ్డ, నిండుగా ఉన్నాడు, చల్లగా ఉన్నాడు. నేను చేతులు కడుక్కుంటుంటే సత్తెమ్మ కళ్ళు తెరిచి, “జర్ర ముందుగాల రాకపోతివా అవ్వా” అంది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. తర్వాత అన్నయ్య ఎప్పుడూ దాని మాట ఎత్తలేదు. ఆ ముద్ద చల్లదనం ఇప్పటికీ నా అరచేతుల్లో ఉంది. అందుకే నాకు రెండు సీట్ల బండి కావాలి.

అవును, చల్లదనం. చెయ్యి పెట్టాను. బానెట్ చల్లగా ఉంది. కింద ఇంజను మీద పెట్టాను, అదీ చల్లగానే ఉంది. మసీదు వైపు పోయే జనం మొదలయ్యారు, గఫూర్ మిస్త్రీ జుమ్మా నమాజుకు ఆలస్యమవుతోందని కాళ్ళు మార్చుకుంటున్నాడు. అన్నయ్య జేబు గడియారం తీసి చూసి మూశాడు. రాహుకాలం నడుస్తోంది, మంచి నడి రాహుకాలం. మిస్త్రీ హ్యాండిల్ తీసుకుని ముందుకు వచ్చాడు, నేను చెయ్యి చాచాను. ఇవ్వలేదు. హ్యాండిల్ వెనక్కి తంతే మణికట్టు విరుగుతుందమ్మా అన్నాడు. అలా విరిగిన మణికట్లకు నేనే కట్లు కట్టాను, ఎలా పట్టుకుంటే విరుగుతుందో నాకు తెలుసు, బొటనవేలు మిగతా వేళ్ళ వైపే మడిచి పెట్టాలి, చుట్టూ తిప్పి పట్టుకోకూడదు అన్నాను. మిస్త్రీ నా చేతిలో హ్యాండిల్ పెట్టాడు. దారోగా ఆకాశం చూశాడు. అన్నయ్య నేల చూశాడు.

ముందు తాళం తెరవకుండా మెల్లగా తిప్పాను, ఊరికే, లోపల ఎలా ఉందో తెలుసుకోవడానికి. ఒక చోట బరువు తగిలింది, దాటింది. మళ్ళీ బరువు, దాటింది. మళ్ళీ. మళ్ళీ. నాలుగు సిలిండర్లూ ఒకేలా ఆపాయి నన్ను, ఏదీ మెత్తగా జారిపోలేదు. ఒకటి మెత్తగా జారితే ఆ గదిలో ఊపిరి లేనట్టని బానూ చెప్పింది. ఇందులో ఊపిరి ఉంది. అప్పుడు తాళం తెరిచి, వచ్చి, కొంగు నడుముకు దోపి, కింది నుంచి పైకి లాగాను. దగ్గింది. ఆగింది. మళ్ళీ లాగాను. దగ్గింది, తుమ్మింది, తల దులుపుకుంది, ఆగింది. వెనకాల అన్నయ్య ఊపిరి వదిలిన చప్పుడు నాకు వినబడింది. అది నిరాశ కాదని నాకు తెలుసు. పళ్ళు బిగించి లాగాను. అందుకుంది. బండంతా వణికింది, బానెట్ పట్టీ బకల్ టకటకా కొట్టుకుంది, వెనక గొట్టంలోంచి తెల్లటి పొగ వచ్చింది. నీలం రంగు కోసం చూశాను, నీలం వస్తే నూనె తాగుతోందని అర్థం. రాలేదు. తెల్లపొగ కూడా పలచబడి పోయింది. గొంతు కొంచెం బొంగురు, కానీ అబద్ధం లేని గొంతు. చల్లటి ఇంజను, చెడ్డ ఘడియ, నా చెయ్యి. తీసుకుంటున్నాను అని చెప్పాను దారోగాకు. బేరం ఎప్పుడో కుదిరింది కనుక ఆయన చెప్పాల్సిందేం లేదు, ముబారక్ అని వంగాడు. మిస్త్రీ మాత్రం బండికేసి చూసి గర్వంగా గడ్డం సవరించుకున్నాడు, నమాజుకు పరుగెత్తాడు.

అన్నయ్య తలుపు దగ్గరికి వచ్చి పక్క సీటులో ఉన్న సంచిని చూశాడు. సంచి తియ్యమని ఆయన అడగలేదు, తీస్తానని నేను అనలేదు. ఎలాగూ రాహుకాలంలో ప్రయాణం మొదలుపెట్టే మనిషి కాదు ఆయన. నేను జల్‌పల్లి దాకా పోయి సత్తెమ్మను చూసి వస్తానని చెప్పాను, ఎత్తు ఎక్కుతుందో లేదో కూడా తేలిపోతుందన్నాను.  దేవిడీ గేటు దాటాను. గాలి మొహానికి కొట్టింది. పరదా లేదు, ముందు ఎవరి వీపూ లేదు, ముందు రోడ్డే ఉంది, పొడుగాటి ఆకుపచ్చ ముక్కు చివర రోడ్డు. ఇంత వయసొచ్చాక మొట్టమొదటిసారి నా ముందు ఎవరూ కూర్చుని లేరు. గాజుల కొట్ల వాళ్ళు తలలెత్తారు. ఎత్తనీ. షాలిబండ ఎత్తు కనబడుతోంది, గేరు మార్చాను, ఇంజను ఒక ఎక్కిలి పెట్టింది, ఇంకొకటి పెట్టింది, ఆగిపోయింది.

నడి బజారులో, జుమ్మాకు పోయే జనం మధ్య, ఆగిపోయింది. చక్రం మీద చేతులు అలాగే పెట్టి కూర్చున్నాను. ఆరు నెలలకో ఏడాదికో వస్తుందేమోనని భయపడ్డది దేవిడీ కనుమరుగు కాకముందే వచ్చేసింది.  చుట్టూ చేరారు, చేరతారని తెలుసు. ఎవరింటి అమ్మాయి అని ఒకరు, లాల్‌దర్వాజా డాక్టరమ్మ అని ఒకరు. నెత్తి మీద ఏదో కూలుతుందని నేను ఎదురు చూస్తున్నాను. ఏదీ కూలలేదు. కొట్లోంచి ఒక ముసలామె గాజుల మలారం పక్కన పెట్టి, ఏమైంది బిడ్డా అని అడిగింది. ఆగింది అన్నాను. చెప్పాక చూస్తే అది మామూలు మాటే, పాలు విరిగాయి, వాన పడింది, బండి ఆగింది. అందరి బండ్లూ ఆగుతాయి, నాదీ ఆగింది. ఆగడానికి నాకు వీల్లేదని ఎవరు చెప్పారు, ఇన్నాళ్ళూ నాకు నేనే చెప్పుకున్నాను, వాళ్ళ తరఫున. ఆ ఒక్క రూలు కూడా పోయింది. అప్పుడు బుర్ర పనిచేసింది. దగ్గి చచ్చిన ఇంజను కాదు ఇది, ఆకలికి ఆగిన ఇంజను. టోంటీ. మిస్త్రీ బంద్ చేశాడు, తెరవడం నేను మరిచాను, లోపల మిగిలిన పెట్రోలుతో ఇంత దూరం వచ్చింది. దిగి, పట్టీ విప్పి, బానెట్ ఎత్తి, తెరిచి, మూశాను. హ్యాండిల్ తీసుకుని ముందుకు వచ్చాను.

ముందు అన్నయ్య ఉన్నాడు. రాహుకాలంలో గేటు దాటి, కండువా జారిపోతున్నా చూసుకోకుండా బజారంతా పరుగెత్తి వచ్చి, జనానికి నేను కనబడకుండా చేతులు అటూ ఇటూ చాచి, సరిగ్గా హ్యాండిల్ పెట్టే చోట బండి ముక్కుకు అడ్డంగా నిలబడ్డాడు. ఒగరుస్తున్నాడు. మెడ మీద చుక్కలు చుక్కలుగా చెమట. చూశావా అనే చూపు కోసం వెతికాను, లేదు. భయపడ్డ మొహం, అంతే, గోడకు ఆనుకుని ఏడ్చినప్పటి మొహం. “ఏం జెయ్యాల్నో చెప్పమ్మా” అన్నాడు. “ఎవర్నన్న పిలవనా, నేను తొయ్యనా, ఏం జెయ్యాలె నేను?”

“ఏం జెయ్యకు అన్నయ్యా,” అన్నాను. “కొంచెం జరుగు.”

నా చేతిలోని హ్యాండిల్ చూశాడు. తన కాళ్ళ కేసి చూసుకున్నాడు, ఏదో గడప మీద నిలబడి ఉన్నట్టు, చాలా సేపటి నుంచి. తల ఎత్తినప్పుడు ఆయన కళ్ళల్లో జల్‌పల్లి ఉంది.

అన్నయ్య జరిగాడు. ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది.